కృపాబాయి సాక్ష్యం

కెనడాలో, ఎటోబికో అనే చోట, విమానాశ్రయానికి ఆనుకొని ఉన్న గిడ్డంగుల నడుమ, ఒక పాత ఇంగ్లీషు చర్చివారి పక్క హాలును అద్దెకు తీసుకొని ఆదివారం మధ్యాహ్నాలు ఆరాధన జరుపుకొనే తెలుగు సహవాసంలో ఒక మాట తరచుగా వినబడేది: "ఎలియాజరుగారి కుటుంబాన్ని చూసి నేర్చుకోండి." కొత్తగా పెళ్లయి వచ్చిన జంటలకు ఈ మాట చెప్పేవారు. పిల్లలు ఎదురు మాట్లాడుతున్నారని కన్నీరు పెట్టుకొనే తల్లులకూ ఈ మాటే చెప్పేవారు. చదువుల కోసం ఆ యేళ్లలో విమానం వెంట విమానంగా దిగుతున్న కుర్రకారును వరుసగా నిలబెట్టి, వేదిక మీద నలుపు కోటుతో నిలుచున్న ఎలియాజరును, ఆయన పక్కన తెల్లచీరలో తల వంచుకొని ఉన్న భార్య కృపాబాయిని, వారి ఏకైక కుమార్తె ఎమిలీని చూపించి మరీ చెప్పేవారు.

చెప్పినవారిలో ఒక్కరైనా ఆ ఇంటి మేడ మీదికి వెళ్లి చూసిన పాపాన పోలేదు. వెళ్లి ఉంటే, ఎమిలీ గదికి గుమ్మమే గాని తలుపు లేదన్న సంగతి వారి కంటబడి ఉండేది.

తలుపు మొదట ఉండేది. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా, లోపల గడియ పెట్టుకొని స్నేహితురాలితో ఫోనులో మాట్లాడిందన్న నేరానికి, ఎలియాజరు స్క్రూడ్రైవరు తెచ్చి, బందులు విప్పి, తలుపును గరాజులోకి మోసుకుపోయాడు. అరవలేదు, తిట్టలేదు. "దాచుకోవడానికి ఏమీ లేనివాళ్లకి తలుపెందుకమ్మా?" అని చిరునవ్వుతో అడిగాడు. ఆనాటినుంచి ఆడపిల్ల బట్టలు మార్చుకోవాలంటే స్నానాలగదికి నడవవలసిందే. ఇటువంటి కొంపను ఆదర్శగృహమని పొగిడిన నోళ్లను ఏమనాలి?

కృపాబాయిది పాలకొల్లు. తండ్రి మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. మందుల వాసనలోనే పుట్టి పెరిగిన ఆ పిల్ల, బుద్ధి తెలిసిన నాటినుంచి నర్సు కావాలనుకొంది, అయింది. పురుళ్ల వార్డులో ఆమె డ్యూటీ ఉన్న పూట తమ పిల్లకు నొప్పులు రావాలని మొక్కుకొన్న అమ్మమ్మలు ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉండేవారు. చర్చి క్వయరులో ఆల్టో, అంటే ఆడవారి కింది స్వరం, పాడేది. మనిషి నెమ్మది గాని, వార్డులో ఎవరైనా నిర్లక్ష్యం చేస్తే మాత్రం డాక్టరైనా సరే నిలబెట్టి అడిగేది. అటువంటి మనిషి కెనడా సంబంధమని వచ్చిన ఎలియాజరును చేసుకొని, ఈ చలిదేశానికి చేరి, ఆదివారం సహవాసం క్వయరులో పాడడం తప్ప, పద్దెనిమిదేళ్లపాటు ఆ వంటింట్లో పకోడీలు వేయించింది.

వచ్చిన మొదటి చలికాలంలోనే, ఇక్కడ నర్సుగా పనిచేయడానికి కావలసిన పరీక్షకు చదువుకొంటానని భర్తతో అన్నది. ఆయన కాదనలేదు. ఆ మరునాటినుంచి మాట్లాడడం మానివేశాడు. కూర వడ్డిస్తే తినేవాడు, ఎదురుపడితే గోడను చూసినట్టు చూసేవాడు. భాష సరిగా రాని దేశంలో, మంచు కప్పిన వీధిలో, చంకలో చంటిపిల్లతో, నోరు విప్పి పలకరించే ప్రాణి లేక ఆమె ఒకనాడు గోడ గడియారంతో మాట్లాడసాగింది. చివరికి, "పరీక్ష రాయనులెండి" అన్నది. "నీ ఇష్టమే కదా కృపా! నేనెప్పుడైనా వద్దన్నానా?" అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు. చెయ్యెత్తి కొట్టేవాణ్ణి లోకం దుర్మార్గుడంటుంది. ఈ విధంగా ఊపిరి బిగబట్టించేవాణ్ణి సౌమ్యుడంటుంది!

ఆ ఇంటిలో అసలు కీలకం సాయంకాలపు కుటుంబ ప్రార్థన. పాట, వాక్యపఠనం అందరిళ్లలో ఉన్నట్టే ఉండేవి. ఆ తరువాత ఎలియాజరు తానై కల్పించిన ఒక అంకం ఉండేది. దానికి "ప్రేమతో గద్దింపు" అని పేరు పెట్టాడు. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆ రోజు మరొకరిలో తాము చూసిన తప్పును పైకి చెప్పాలి. తన తప్పు తాను ఒప్పుకొంటే కుదరదు. "అది తేలిక" అనేవాడు. చెప్పినవారికి ఆయన ముఖం వికసించేది, ఏదో ఒక వెసులుబాటు దొరికేది. కృపాబాయికైతే పాలకొల్లులో ఉన్న చెల్లెలితో వీడియోలో మాట్లాడుకోవడానికి ఫోను చేతికిచ్చేవాడు. ఆ ఫోను మిగిలిన వేళల్లో ఆయన బీరువాలో ఉండేది. ఏమీ చెప్పనివారికి మౌనమే శిక్ష.

ఆ ప్రార్థనలో నాలుగో మనిషి రూప. వరంగల్లు నుంచి కాలేజీ చదువుకు వచ్చిన పిల్ల. బేస్‌మెంటులో గది అద్దెకు తీసుకొన్నది. దేవుళ్లకు దండం పెట్టుకొనే హిందూ కుటుంబం వారిది. అయినా ప్రార్థనలో కూర్చోవడం అద్దె షరతు. కాదంటే సామాను వీధిలో ఉంటుంది. ఆ యేడు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు పిల్లలు వంతులవారీగా నిద్రపోతున్నారు. ఊరుగాని ఊరిలో తల దాచుకొనే చోటు కోసం ఒక ఆడపిల్ల తోటివారి తప్పులు ఏకరువు పెట్టవలసి రావడం ఆ పెద్దమనిషికి సువార్త సేవగా తోచింది!

ఎమిలీ హైస్కూలు ముగియవస్తున్న వేసవిలో ఒక మధ్యాహ్నం, ఎలియాజరు గిడ్డంగిలో షిఫ్టుకు పోయిన సమయాన, కృపాబాయి ఉతికే బట్టలతో బేస్‌మెంటులోకి దిగింది. రూప అన్నం కంచం పక్కకు నెట్టి, లాప్‌టాప్ ముందు ముడుచుకొని కూర్చుని ఉంది.

"ఏంటమ్మా, తినకుండా ఏం చూస్తున్నావు?"

"క్లాస్‌ల ఇచ్చిండ్రు ఆంటీ. ఏ దేశందో డ్రామా. చూసి అసైన్‌మెంట్ రాయాలె. మీరూ కూసోండ్రి, ఒక్కదాన్నే చూడాల్నంటే భయమైతున్నది."

బట్టలు మెషీనులో వేసి కృపాబాయి కూర్చుంది. డ్రామాలో, ఎడతెగని మంచు కురిసే చోట, ఒక పిండిమర యజమాని, అతని భార్య, ముగ్గురు కూతుళ్లు. ఇంటికంతటికీ ఒక్కటే పొయ్యి. దాని పక్కన ఒక్కటే కుర్చీ. రాత్రి భోజనాల దగ్గర, తక్కినవారిలో ఎవరిదైనా ఒక తప్పు బయటపెట్టినవారికి ఆ కుర్చీ. చెప్పడానికి ఏమీ తోచని చిన్నకూతురు ఒకనాడు కుక్కపిల్ల మీద చెప్పింది. తండ్రి లేచి కుక్కపిల్లను బయటికి తీసుకుపోయి, ఒంటరిగా తిరిగివచ్చాడు. పిల్ల వెళ్లి పొయ్యి దగ్గర కూర్చుంది. మరునాడు పెద్దకూతురు పారిపోవాలని రొట్టెముక్కలు దాచుకొంటూ ఉంటే చూసిన తల్లి, ఆ రాత్రి ఆ సంగతి తానే చెప్పింది.

కృపాబాయి కుర్చీలో ముందుకు వంగింది.

"దానికేం పోయేకాలం వచ్చిందే! కన్నకూతుర్ని పట్టిస్తుందా?"

"కుర్చీ కోసం ఆంటీ. చలి గద."

"అయితే మాత్రం? తప్పని తెలియదూ?"

"రోజూ గదే అయితే ఎట్ల తెలుస్తది?" రూప బొమ్మను ఆపింది. కాసేపు గోళ్లు గిల్లుకొని అన్నది: "ఆంటీ, ఒకటి చెప్త, కోపం చేసుకోవద్దు. నిన్న ప్రేయర్ల మీరు నా మీద చెప్పిండ్రు కదా, స్టవ్ మీద పాలు పొంగిచ్చి తుడవలేదని. చెప్పినంక అంకుల్ మీకు ఫోన్ ఇచ్చిండు. మీరు చెల్లెతోని నవ్వుకుంట మాట్లాడిండ్రు. నాకు మూడు దినాలు వైఫై బంద్ పెట్టిండు."

కృపాబాయి ముఖం ఎర్రబడింది. "అదీ ఇదీ ఒకటేనా? మాది ప్రార్థనమ్మా!"

"కావచ్చు ఆంటీ. వాళ్లు కూడ తినేముందు దండం పెట్టుకుంటనే ఉన్నరు."

ఆమె మెట్లెక్కి వచ్చేసింది. మొదట ఆ పిల్ల పొగరు మీద మండిపడింది. తరువాత, డ్రామాలోని ఆ తల్లి మీద. గిన్నెలు ఎత్తి కుదేసింది. పొయ్యి ముందు చేతులు కాచుకొంటున్న ఆ ఆడదాని ముఖం మాత్రం కళ్లముందునుంచి కదలలేదు. ఆ ముఖంలో పశ్చాత్తాపం లేదు. వెచ్చగా ఉన్నదన్న సుఖం మాత్రమే ఉంది. ఫోను చేతిలో పడిన క్షణాన తన ముఖమూ అలాగే ఉంటుందా?

ఈ ఆలోచన ఇంకా కొలిక్కి రాకమునుపే ఎమిలీ ఒక ఉదయం సింకు దగ్గరకు వచ్చి పంపు పూర్తిగా తిప్పింది. తల్లీకూతుళ్లు రహస్యం చెప్పుకోవాలంటే ఆ ఇంట్లో నీళ్ల చప్పుడే దిక్కు.

"అమ్మా, వాటర్లూ యూనివర్సిటీలో సీట్ వచ్చింది. స్కాలర్‌షిప్ కూడా. రెసిడెన్స్‌లో, అదే హాస్టల్లో, రూమ్ ఇస్తారు. ఐ సెడ్ యెస్."

"నాన్నకి తెలిస్తే..."

"ఈవెనింగ్ నేనే చెప్తా. నువ్వు చెప్పకు. ప్లీజ్. నీ నోటితో మాత్రం వద్దు."

ఆ ఆఖరిమాట కృపాబాయి గుండెలో ముల్లులా దిగింది. బిడ్డ తండ్రికి భయపడడం ఆమెకు తెలుసు. తనకు కూడా భయపడుతోందని అప్పుడే తెలిసింది.

ఆ సాయంకాలం గద్దింపు వంతు ముందుగా ఆమెదే అయింది. "చెప్పు కృపా" అన్నాడు ఎలియాజరు. "ఇవాళ నాకు ఎవరిలోనూ ఏ తప్పూ కనబడలేదండి" అన్నది ఆమె. అన్నేళ్లలో అదే మొదటిసారి. ఆయన కనుబొమలు లేచాయి. రూప నేల చూపులు చూసింది. అప్పుడు ఎమిలీ లేచి నిలబడి, పాఠం అప్పగించినట్టు, వాటర్లూ సంగతి చెప్పివేసింది.

ఎలియాజరు నవ్వాడు. కీర్తన పాడించాడు. దీవించి పంపాడు. ఆ తరువాత ఇంటి మీద మౌనం దిగింది. పిల్ల బల్ల దగ్గరకు వస్తే ఆయన లేచిపోయేవాడు. ఆమె చదువుకొనే వేళకు ఇంటర్నెట్ ఆగిపోయేది. అయినా పిల్ల లొంగలేదు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషిని ఈ దేశంలో కట్టివేయడం కుదరదని ఎలియాజరుకు తెలుసు. అందుకే ఒకనాడు మెత్తగా, "దేవుని చిత్తమేమిటో కనుక్కుందామమ్మా. నాకు బయలుపరిస్తే ఒప్పుకుంటావా?" అన్నాడు.

"మీకు కాదు నాన్నా. యూ ఆల్వేస్ హియర్ వాట్ యూ వాంట్." ఎమిలీ తండ్రికి ఎదురుగా తిరిగింది. "అమ్మకి చెప్పనీ. అమ్మ దేవుడి పేరుతో అబద్ధమాడదు. ఉండమని దేవుడు అమ్మకి చెప్తే, ఐ విల్ స్టే. ప్రామిస్."

ఆ పిల్లది నిజమైన భక్తి. ఆ మాట మీద ఆమె నిలబడుతుందని ముగ్గురికీ తెలుసు. ఎలియాజరుకు కావలసింది దొరికింది.

కృపాబాయి నిజంగానే ప్రార్థించింది. ఆయన పడుకొన్నాక కాదు, దొంగచాటుగా కాదు. పట్టపగలు, వంటింటి నేల మీద మోకరించి, కళ్లు మూసుకొని. ఫ్రిజ్ ఝుమ్మనడం వినబడింది. నెత్తిమీదుగా విమానం పోయింది. ఇంకేమీ వినబడలేదు. శనివారం ఎలియాజరు వచ్చి సోఫాలో కూర్చుని, "రేపు హాలులో సాక్ష్యం చెబుతున్నావు. పాస్టరు అయ్యగారికి చెప్పేశాను" అన్నాడు.

"దేవుడు నాకేమీ చెప్పలేదండి."

"చెప్తాడు. ఆదివారానికి చెప్తాడు." ఎదురుగా నిలబడమని సైగ చేశాడు. "దర్శనంలో దీపం చూశానను. ఆ దీపం మనింట్లో వెలుగుతోందను. ఎవరో బయటికి తీస్తే గాలికి ఆరిపోయిందను."

"నేను దీపం చూడలేదు కదండీ."

"మోషే మాత్రం దేవుడు చూపించేదాకా మండే పొదను చూశాడా? అను."

ఆమె అన్నది. ఆయన దిద్దాడు. మళ్లీ అన్నది. "ఆరిపోయింది దగ్గర గొంతు కొంచెం వణకాలి. మరీ ఏడవకు, అనుమానం వస్తుంది." వార్డులో డాక్టర్లను నిలబెట్టి అడిగిన మనిషి, దేవుడు తనతో అనని మాటను దేవుని మాటగా అభ్యాసం చేస్తూ, కార్పెట్ మీద నిలబడి ఉంది. "అది గడప దాటితే మళ్లీ నీ కంటికి కనబడదు. అది గుర్తుంచుకో" అని ఆయన అదే మెత్తని స్వరంతో ముగించాడు.

తెలుగు సహవాసాలలో సాక్ష్యానికి ఒక మర్యాద ఉంది. చెప్పేవారు నిలబడి తమ బ్రతుకులో దేవుడు చేసిన మేలు చెప్పుకొంటారు. మధ్యలో ఎవరూ ఆపకూడదు. వాక్యం వాక్యానికీ వినేవారు "స్తోత్రం!" అనీ "ఆమెన్!" అనీ గట్టిగా పలకాలి, ఆ పలుకే చెప్పేవారికి ధైర్యమంటారు. పసితనంనుంచి పలికి పలికి ఆ మాట చెవినుంచి సరాసరి నాలుక మీదికే పోతుంది. బుద్ధి దాకా పోయే శ్రమ పడదు.

ఆ ఆదివారం హాలు కిటకిటలాడింది. ముందువరుసలో ఎమిలీ ఒడిలో చేతులు ముడుచుకొని తల్లినే చూస్తోంది. వేదిక మీద ఒక పక్క పాస్టరు జ్ఞానానందంగారు, ఇంకొక పక్క మైకు పట్టుకొని ఎలియాజరు. స్తోత్రాలు పలికించే బాధ్యత ఆయనదే.

"సంఘానికి వందనాలండి. పద్దెనిమిదేళ్లుగా దేవుడు నన్ను ఈ దేశంలో కాపాడాడండి" అన్నది కృపాబాయి.

"స్తోత్రం!" అన్నాడు ఎలియాజరు మైకులో. "స్తోత్రం!" అన్నది హాలు.

"నాకొక మంచి బిడ్డనిచ్చాడండి."

"స్తోత్రం!"

"ఆ బిడ్డ గురించి దేవుణ్ణి అడిగానండి. మోకాళ్ల మీద అడిగాను."

"ఆమెన్! స్తోత్రం!"

అక్కడ దీపం రావాలి. ఆమె ఎమిలీ వైపు చూసింది. పిల్ల కళ్లలో భయమూ లేదు, ప్రాధేయపడడమూ లేదు. తల్లి ఏమంటే అది నమ్ముతానన్న నమ్మకం ఒక్కటే ఉంది. అబద్ధం చెబితే ఆ క్షణమే అది నిజమైపోతుంది, ఆ పిల్ల బ్రతుకంతా నిజమైపోతుంది. ఇన్నాళ్లుగా ఎవరెవరి మీదనో తిరిగిన కృపాబాయి కోపం అప్పుడు చేరవలసిన చోటికి చేరింది.

"నా బిడ్డ గదికి తలుపు ఊడదీసి గరాజులో పెట్టారండి."

"స్తోత్రం!" అన్నాడు ఎలియాజరు మైకులో, భక్తితో మూసిన కళ్లు తెరవకుండానే. "స్తోత్రం!" అన్నారు నిండు సభలో మూడువంతుల మంది.

"నర్సు పరీక్ష రాస్తానన్నందుకు, ఒప్పుకునేదాకా నాతో మాటాడలేదండి. చంటిదాన్నెత్తుకుని గడియారంతో మాట్లాడుకున్నానండి."

"ఆమెన్..." అన్నారు కొందరు. ఆ మాట సగంలో తడబడి నేలబడింది. ఎలియాజరు కళ్లు తెరిచాడు.

"మా ఇంట్లో రోజూ ఒకళ్ల మీద ఒకళ్లం చాడీలు చెప్పాలండి. నేనూ చెప్పాను. నా కూతురు మీద చెప్పాను, అద్దెకున్న పిల్ల మీద చెప్పాను. చెబితే నా చెల్లెలితో మాట్లాడనిస్తారు." ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. "దేవుడు నాకు ఏ దర్శనమూ ఇవ్వలేదండి. ఇచ్చాడని చెప్పమన్నది ఈయన. నిన్న సోఫాలో కూర్చుని నేర్పించారు."

"కృపా, కూర్చో" అన్నాడు ఎలియాజరు. మైకు ఇంకా చేతిలోనే ఉండడంవల్ల ఆ మాట హాలు నాలుగు మూలలా మోగింది.

"సాక్ష్యం మధ్యలో ఆపకూడదండి. మీరే కదా అందరికీ చెప్తారు?" అన్నది ఆమె. తిరిగి సభను చూసింది. "నా బిడ్డ వాటర్లూ వెళ్తుంది. చదువుకుంటుంది. ఇది దేవుడు చెప్పలేదు. నేను చెబుతున్నాను."

అంతలో వెనుకవరుసనుంచి ముసలి గొంతొకటి ఖంగుమంది. "ఆమెన్!" శాంతమ్మది ఆ గొంతు, నరసాపురం మనిషి, ఈ దేశంలో భర్తను సాగనంపి ఒంటరిగా ఫ్లాటులో ఉంటున్న వృద్ధురాలు. ఒక ఆమెన్ లేచాక తక్కినవారి నాలుకలు ఊరుకొంటాయా? తాము దేనికి ఒప్పుకొంటున్నదీ తెలిసినవారూ తెలియనివారూ కలిసి, హాలంతా, "ఆమెన్!" అన్నది.

పాస్టరుగారు తొందరతొందరగా పాట ఎత్తారు. కీబోర్డు కుర్రవాడికి శ్రుతి అందలేదు.

ఆరాధన ముగిశాక టీ దగ్గర ఎవరూ కృపాబాయి దగ్గరకు రాలేదు. "ఇంటి విషయాలు ఇక్కడ చెప్పుకోవాలా?" అన్నదొకామె, కప్పు చాటునుంచి. "ఎంత బాధపడుతున్నాడో ఆయన మొహం చూడు, పాపం" అన్నదింకొకామె. అవును, ఆయన ముఖమే చూశారు! తలుపు లేని గదిలో మూడేళ్లు పెరిగిన పిల్ల ముఖాన్ని చూడాలని ఆ భక్తులలో ఒక్కరికీ తోచలేదు.

ఎలియాజరు కారు ఎక్కి, ఇంజను వేసి, ఎప్పటిలాగే ఇద్దరూ వచ్చి కూర్చుంటారని ఎదురుచూశాడు. తల్లీకూతుళ్లు బస్టాపు వైపు నడిచారు. శాంతమ్మ కర్ర పొడుచుకొంటూ వెనుక వచ్చింది. "నా ఫ్లాటులో రెండు మంచాలున్నాయే అమ్మాయ్. ఒకదాని మీద పాతబట్టలున్నాయి, తీసేస్తే సరి" అన్నది. ఎమిలీ ఫోను చేసి జరిగింది చెప్పగానే రూప, తానేం చేయాలో ఎవరూ అనకముందే, ఆ సాయంకాలం ఎమిలీ బట్టలు, పుస్తకాలు, కృపాబాయి నర్సింగు సర్టిఫికెట్లు ఒక సూట్‌కేసులో కుక్కి, తనదొకటి భుజాన వేసుకొని, ఆ ఫ్లాటు తలుపు తట్టింది. "అమ్మమ్మా, నేల మీద పంటా, ఏమనుకోకండ్రి" అన్నది.

సెప్టెంబరులో చదువు మొదలవకముందే శాంతమ్మ ఫ్లాటుకు పెద్దలు వచ్చారు: పాస్టరు జ్ఞానానందంగారు, సంఘ కోశాధికారి వీర్రాజుగారు. కూర్చున్నారు, ప్రార్థన చేశారు, మంచినీళ్లు తాగారు.

"అమ్మా, కృపాబాయిగారూ, సంఘం చాలా గాయపడిందమ్మా" అన్నారు పాస్టరుగారు. "వచ్చే ఆదివారం మీరొచ్చి, ఒంట్లో బాగోక తొందరపడి అన్నానని ఒక్కమాట అనండి. పాపని కూడా ఈ యేడాదికి ఆపుదాం. శాంతి కుదిరాక, వచ్చే యేడు చూద్దాం."

ఎమిలీ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. కట్టిన పెట్టె పట్టీని వేలికి చుట్టుకొంటూ, విప్పుకొంటూ ఉంది.

"గాయపడింది సంఘమాండీ?" అన్నది కృపాబాయి. "అయ్యగారూ, మరి ఆయన్నేమన్నారు మీరు?"

పాస్టరుగారు గ్లాసు వైపు చూశారు. "బ్రదర్ చాలా వేదనలో ఉన్నారమ్మా. ఇప్పుడు ఆయన్ని..."

"తలుపు సంగతి అడిగారా?"

"ఇంటి పెద్దగా కొన్ని..."

"అడగలేదన్నమాట. దర్శనం సంగతి? దేవుడి పేరుతో అబద్ధం చెప్పించబోయాడు, దానికైనా అడిగారా?"

వీర్రాజుగారు గొంతు సవరించుకొన్నారు. "చెల్లెమ్మా, ఆవేశపడకు. నిండు సభలో మొగుడి పరువు..."

"ఒరేయ్ వీర్రాజూ," అన్నది శాంతమ్మ మంచం మీదనుంచి, "తలుపు ఊడదీశారంటే ఆయన వెనకాలే మొట్టమొదట స్తోత్రమన్నది నువ్వు కాదట్రా? మా వరసంతా అదిరిపోయింది. మీ అమ్మ బతికుంటే ఆ నోట్లో ఉప్పు కుక్కేది."

ఆయన ముఖం జేవురించింది. కృపాబాయి లేచి నిలబడింది.

"అయ్యగారూ, నేనన్న మాటలో అబద్ధం ఒక్కటీ లేదు, వెనక్కి తీసుకోవడానికి. నా పిల్ల వెళ్తుందంటే ఆమెన్ అన్నది మీ సంఘం. దేవుడి ఎదుట అన్నారు. వెనక్కి తీసుకుంటే ఆ మాట మీరు తీసుకోండి. వచ్చే ఆదివారం అందర్నీ నిలబెట్టి, మేము అర్థం తెలియక అన్నామని చెప్పించండి. నేను వచ్చి వింటాను."

ఇద్దరూ లేచారు. గుమ్మం దగ్గర పాస్టరుగారు ఎమిలీ నెత్తి మీద చెయ్యి పెట్టబోయి, ఏమనుకొన్నారో, తీసుకొన్నారు.

ఆ శనివారం ఎమిలీ వాటర్లూకు వెళ్లింది. తల్లి, రూప బస్సులో తోడు వెళ్లారు. రూప దారి పొడుగునా నిద్రపోయింది. ముందురోజు కాఫీ దుకాణంలో డబుల్ షిఫ్టు చేసింది. రెసిడెన్సులో పరిచయమైన అమ్మాయి, "ఈవెనింగ్ ఏం చేస్తున్నావ్?" అని మాటవరసకు అడిగితే ఎమిలీ కంగారుపడి తల్లి వైపు చూసింది. "నువ్వేం చేస్తావో నాకు చెప్పక్కర్లేదమ్మా, ఎవరికీ చెప్పక్కర్లేదు" అన్నది కృపాబాయి. ఆ మాట అర్థమవడానికి పిల్లకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక తల్లిని పట్టుకొని ఏడ్చింది.

తరువాత కృపాబాయి ఒక వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా చేరింది. నర్సు పరీక్షకు మళ్లీ మొదటినుంచి చదవాలట, చదువుతోంది. ఎలియాజరు ఆ తరువాతి ఆదివారమే నలుపు కోటు వేసుకొని వేదికెక్కి మైకు అందుకొన్నాడు. దించినవారు లేరు. అడిగినవారు లేరు. అతని దుఃఖానికి ప్రత్యేక ప్రార్థన మాత్రం జరిపారు.

క్రిస్మస్ దగ్గర పడగా పాస్టరుగారి భార్య ఫోను చేసింది. ఇప్పుడు కృపాబాయికి సొంత ఫోనుంది, అది ఆమె సంచిలోనే ఉంటుంది.

"క్వయరులో మీ స్థానం ఖాళీగా ఉందమ్మా. ఆల్టో పాడేవాళ్లు లేక పాటలు వెలితిగా ఉన్నాయి. గడిచిందేదో గడిచిపోయింది, వచ్చేయండి."

"వస్తానండి అమ్మగారూ. పాడడమంటే నాకూ ఇష్టమే" అన్నది కృపాబాయి. "ఆయన్ని వేదిక దింపిన రోజు ఫోను చేయండి."

డ్యూటీకి వేళయిందని చెప్పి, కృపాబాయి ఫోను పెట్టివేసింది.